పొట్టికాలి నెమలి

ఆర్మూర్ పసుపు మార్కెట్లో కాస్త వయసు మళ్లినవాళ్లను ఎవరినైనా అడగండి, మార్కా వహీద్ ఇల్లు చూపిస్తారు. ఒట్టి వహీద్ అంటే మాత్రం ఏ వహీద్ అని ఎదురడుగుతారు. ప్లాస్టిక్ సంచులు రాకముందు పసుపంతా గోనె బస్తాల్లోనే లారీలెక్కేది. ఏ బస్తా ఏ షావుకారుదో తెలియాలంటే దాని మీద గుర్తుండాలి. ఒకరిది పావురం, ఒకరిది త్రాసు, ఇంకొకరివి జంట కొడవళ్లు. నూనె డబ్బా రేకును సాపు చేసి, ఉలితో బొమ్మను తొలిచి, ఆ రేకును బస్తా మీద ఆనించి నల్లరంగు కుంచెతో కొడితే గుర్తు పడేది. రేకు తొలిచేదీ వహీదే, రంగు కొట్టేదీ వహీదే. ఇరవై ఏళ్ల వయసులో మొదలుపెట్టి ముప్పై ఏళ్లు అదే పని చేశాడు.

తర్వాత వచ్చిన ప్లాస్టిక్ సంచులు పేరు అచ్చేసుకునే వచ్చాయి. సరే పొమ్మని బైకులకు నంబర్ ప్లేట్లు రాయబోతే, అవి కూడా మిషన్ మీద తయారై వచ్చాయి. ఇప్పుడు ఊరి పక్కనే పెర్కిట్‌లో తన ఇంటి ముందే ట్రాక్టర్ ట్రాలీల మీద ఓనర్ల పేర్లు రాస్తున్నాడు. అచ్చు మిషన్‌కు తన మీద ఏదో పాత పగ ఉందని నవ్వుతాడే తప్ప ఏడ్చే మనిషి కాదు.

అతనికున్న గర్వమల్లా ఒక్కటే. ఒకరి గుర్తు ఇంకొకరి చేతికి ఏనాడూ వెళ్లలేదు. రేకులు అతని ఇంట్లో ఉన్నా అతనివి కావు, షావుకార్లు నమ్మి దాచమన్నవి. పావురం రేకు ఒక్కపూట ఇవ్వమని, దుకాణం బోర్డు మీద వేసుకుంటానని సొంత బావమరిది అడిగితే మొహం మీదే కుదరదన్నాడు. దాంతో ఏడాదిపాటు రెండిళ్ల మధ్య రాకపోకలు బందయ్యాయి. మాట పోతే మనిషి లేడని నమ్మేవాడికి చుట్టరికం ఎంత?

ఆ రేకులు నలభై మూడు, నడవాలో ఒక ఇనుప పెట్టెలో ఉండేవి. అతని భార్య షగుఫ్తాకు ఆ పెట్టె కంట్లో నలుసు. 

"శుక్రవారం వాషింగ్ మిషన్ వస్తది. గీ పెట్టె ఈడుంటే దాన్ని నీ నెత్తి మీద పెట్టాల్నా? పాత సామానోనికి ఏసేస్త, సూడు" అంది ఆ ఆదివారం పొద్దున. ఇంట్లో వాళ్లు కొట్లాడుకునేది ఉర్దూలోనే లెండి, మన కోసం తెలుగులో చెప్పుకుంటున్నాం.

ఈ బెదిరింపు కొత్తది కాదు. ఏటా రంజాన్ ముందు ఇల్లు కడిగేటప్పుడు ఆమె ఆ పెట్టెకు చావు ముహూర్తం పెట్టేది, ఎందుకో గానీ పెట్టె బతికి బట్టకట్టేది. ఈసారి మాత్రం మిషన్‌కు బయానా కూడా ఇచ్చింది. వహీద్‌కు భయం పట్టుకుంది.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే వాణి వచ్చింది. హైదరాబాద్‌లో డ్రాయింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే అమ్మాయి. పాత బస్తాల మీది బొమ్మలు వెతుక్కుంటూ మార్కెట్‌కు వస్తే హమాలీలు ఇటు తోలారు. ఇంటికొచ్చిన మనిషికి మురికి రేకులు చూపించడం మర్యాద కాదని వహీద్ కిరోసిన్ సీసా, పాత గుడ్డ పట్టుకొచ్చాడు. వాణి గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

"తుడవకుండ్రి చాచా. గీ రంగు పొరలే దీని వయసు. కడిగితే నిన్న కోసిన రేకయిపోతది."

"గిది నూనె డబ్బ రేకు బేటీ."

"గందుకే గద. బంగారం ఎవలైనా దాస్తరు. రోజు వాడేదాన్ని ఎవలు దాస్తరు? అందరి దగ్గర ఉంటదని అందరు పారేస్తరు, ముప్పై ఏండ్లకు ఎతికితే ఒక్కటి దొరకది. పైంగ దీంట్ల చేసినోళ్ల చెయ్యి కనవడ్తున్నది. ఎవలదో చెప్పెటోళ్లు మీరు పక్కకే ఉన్నరు. ఇంతకన్న ఏం గావాలె?"

ఒక్కో రేకూ తీసి వెలుతురులో పెట్టి చూస్తూ నెమలి దగ్గర ఆగింది. నెమలికి ఎడమ కాలు పొట్టి. వహీద్ సిగ్గుపడ్డాడు. అది తొలిచిన రోజు ఒంట్లో జ్వరం, ఉలి జారింది. వేరేది చేస్తానంటే గంగారాం షావుకారే వద్దన్నాడు. ఈ కుంటిదాన్ని ఎవడూ దొంగతనంగా చెయ్యలేడు, ఇదే ఉండనీ అన్నాడు.

"మస్తుగున్నది. అన్ని నాకే ఇయ్యుండ్రి, మా కాలేజీల పెడ్త" అని వాణి మంచి ధర చెప్పింది. లోపల చాయ్ వడగడుతున్న షగుఫ్తా చెయ్యి ఆగిపోయింది.

వహీద్ నెత్తి గోక్కున్నాడు. "నాయి కావు బేటీ. ఎవలయి వాళ్లను అడగాలె. శుక్రవారం దాక ఆగు."

చాయ్ గ్లాసు వాణి ముందు చిన్నగానే పెట్టిన షగుఫ్తా, మొగుడి ముందు మాత్రం టక్కుమని పెట్టింది.

సోమవారం పొద్దున వహీద్ రేకులన్నీ గోనెలో చుట్టి మోపెడ్ వెనక కట్టుకుంటుంటే షగుఫ్తా గడపలోకి వచ్చింది.

"అజీ, నెమలి గూడ తీస్కపోతున్నవా?"

"నెమలికేమన్న కొమ్ములున్నయా? అదీ ఒకలదే గద."

ఆమె మారు మాట్లాడలేదు. నలభై నాలుగేళ్ల కాపురంలో షగుఫ్తా మారు మాట్లాడకపోవడం చాలా అరుదు, అప్పుడే అతనికి అనుమానం రావలసింది. రాలేదు.

ఇక మూడు రోజులు ఆర్మూర్ చుట్టుపక్కల మోపెడ్ తిరగని సందు లేదు. మొబైల్ షాపు నడిపే బాబురావు త్రాసు రేకును అటూ ఇటూ తిప్పి, "గిది మా తాతదా?" అని పదిసార్లు అడిగి, ఫోన్ కవర్లన్నీ పక్కకు జరిపి గల్లా వెనక గోడకు తగిలించేశాడు. జక్రాన్‌పల్లిలో అన్నదమ్ములిద్దరు కొడవళ్ల రేకు నాకంటే నాకని వాదులాడుకుంటే, చెరో ఆరునెలలు పెట్టుకొమ్మని వహీదే తీర్పు చెప్పాడు. భీమ్‌గల్‌లో ఒకాయన, ఈ తుప్పు మాకెందుకు భాయ్, ఆ మేడంకే ఇచ్చెయ్యి అన్నాడు. అలా అన్నవి పదిహేడు. మిగతావన్నీ ఇళ్లు చేరుకున్నాయి. అమ్మితే వచ్చే డబ్బు సగానికి పైగా అలా చేజారిపోయింది, అయినా వహీద్ ఒళ్లు తేలికపడి ఈల వేసుకుంటూ తిరిగాడు.

గురువారం నాటికి మిగిలింది నెమలి ఒక్కటే. గంగారాం షావుకారు పోయాడు, దుకాణం మూతపడి పాతికేళ్లు. కోడలు నర్సవ్వ ఉంది, డెబ్బై దాటిన మనిషి. వహీద్ వెళ్లేసరికి వసారాలో మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. అతను రేకు చేతిలో పెట్టగానే ముందు చూపు కాలి మీదికే పోయింది.

"అరె, గిదే. పొట్టికాలి నెమలి. నా దిండు మీద గూడ ఉన్నది తమ్మీ" అంటూ వెనక ఉన్న దిండు తీసి ఒళ్లో పెట్టుకుంది.

వెలిసిపోయిన గలీబు మీద నీలం దారం, ఆకుపచ్చ దారం. నెమలి. ఎడమ కాలు పొట్టి. ఆ కుట్టు వహీద్‌కు తెలుసు. అంచు దగ్గర దారాన్ని రెండుసార్లు మడిచి ముడి వేసేది పెర్కిట్ మొత్తంలో ఒక్కతే ఉంది. ఆమె పొద్దున అతనికి టిఫిన్ డబ్బా కట్టి పంపింది.

"గిది యాడిది అక్కా?" అన్నాడు గలీబు అంచు తడుముతూ.

"మీ గల్లీకెళ్లే వచ్చింది. దుకాణం మూసినంక మా మామ పేరు యాడ మిగల్లే. బోర్డు తీసిండ్రు, బస్తాలు పాయె. రెండేండ్లకు ఒకల ఇంట్ల తీగ మీద గీ గలీబు ఆరేసి ఉన్నది. కాలు సూసి గుర్తువట్టిన. యాడ కుట్టిచ్చిండ్రో అడిగి, వాళ్లతోనే ఒక జత తెప్పించుకున్న. రోజు దీని మీదనే తల పెట్టి పంటున్న."

వహీద్ లేచి నిలబడి రెండు చెవులూ పట్టుకున్నాడు. "తప్పైంది అక్కా. మీ మార్కా నా ఇంట్లకెళ్లి మీకు చెప్పకుంట బయటికి పోయింది. నేను కావలున్న అనుకున్న. ఇంట్లనే దొంగ ఉన్నది."

నర్సవ్వ అతన్ని ఎగాదిగా చూసింది. సంగతి అర్థమయ్యాక మంచం కిర్రుకిర్రుమనేలా నవ్వింది, కళ్ల నీళ్లు పైట కొంగుతో తుడుచుకుంది.

"కూసో తమ్మీ. నువ్వు పెట్టెల పెట్టి తాళం ఏసినవు. ఆమె నా తల కింద పెట్టింది. ఎవల్ని తిట్టాలె నేను? గీ రేకు ఆమెకే ఇయ్యి, నేనే ఇచ్చిన్నని చెప్పు. గలీబులు పాతగైనయి, కొత్తయి ఒక జత కుట్టమను."

దారి పొడవునా వహీద్ తిట్టాల్సిన మాటలు కూడబలుక్కున్నాడు. ఇంటికొచ్చి భార్య మొహం చూసేసరికి ఒక్కటీ గుర్తుకు రాలేదు. రేకు ఆమె ముందు పెట్టి జరిగిందంతా చెప్పాడు. షగుఫ్తా కాసేపు కొంగు సర్దుకుంది.

"నువ్వు మార్కెట్‌కు పోయినంక రేకు గుడ్డ మీద పెట్టి గీత గీసుకోని మళ్ల పెట్టెల పెట్టెటిదాన్ని. ఒక్క నెమలే, అల్లా కసం."

"నన్నడిగితే అయిపోతుండె గద."

"మా అన్నకే ఇయ్యలే నువ్వు."

వహీద్ ఖాళీ పెట్టె వైపు చూశాడు, అప్పుడు వెలిగింది అతనికి. "గందుకేనా, గిన్నేండ్లు పాత సామానోనికి ఏస్తా ఏస్తా అనుకుంట ఏయలే?"

షగుఫ్తా చెంపలు కందిపోయాయి. అరవై నాలుగేళ్ల ఆడమనిషి అలా ఎర్రబడడం చూసి వహీద్‌కు ఆమె మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

శుక్రవారం వాషింగ్ మిషన్ వచ్చింది. ఖాళీ పెట్టె మంచం కిందికి దూరి, షగుఫ్తా దారాలకు ఇల్లయింది. వాణి వచ్చి పదిహేడు రేకులూ బట్టలో జాగ్రత్తగా చుట్టుకుని, నెమలి ఏదని అడిగింది.

"గది ఇంక డ్యూటీల ఉన్నది బేటీ" అన్నాడు వహీద్.

వాణి వెళ్లాక షగుఫ్తా తెల్లగుడ్డ పరిచి నెమలి రేకు పెట్టింది. కదలకుండా రెండు చేతులతో పట్టుకునే పని వహీద్‌ది. ఇన్నేళ్లకు ఆ పొట్టికాలిని అంత దగ్గరగా చూసి అతని చేతులు ఊరుకోలేదు.

"రెండు నిమిషాలాగు, ఉలి తెస్త. గా కాలు సక్కగ జేస్త."

షగుఫ్తా పెన్సిల్‌తో అతని వేళ్ల మీద చిన్నగా కొట్టింది.

"ముట్టకు. కాలు సక్కగైతే అక్క ఎట్ల గుర్తువడ్తది?"

వహీద్ రేకును గట్టిగా పట్టుకున్నాడు. ఆమె గీత మొదలుపెట్టింది, ముందుగా ఎడమ కాలు.