తలుపు మీది ‘కు’

1988. రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో నాది డెంటింగ్ షాపు. సొట్టపడ్డ రేకును సుత్తితో సాపు చేసి, పుట్టీ పెట్టి, రంగేసే పని. ఇక్కడివాళ్లకు తెలుగువాళ్లందరూ ‘రావు’లే కాబట్టి నేనూ రావు భయ్యానే. పుట్టింది రైల్వే క్వార్టర్సులో, చదివింది హిందీ మీడియం. తెలుగు గడగడా మాట్లాడతానే గాని అప్పట్లో ఒక్క అక్షరం ముక్క వచ్చేది కాదు.

ఆ వేసవిలో ఆరంగ్ నుంచి ఫిర్తూరామ్ తన పాత మూడు చక్రాల డెలివరీ బండిని లారీకి కట్టి లాక్కొచ్చాడు. ఏళ్ల తరబడి అందులోనే రాయ్‌పూర్ దుకాణాలకు మరమరాలు వేసేవాడు. ఇప్పుడు ఇంజన్ పూర్తిగా పోయింది. అయితే ఆ బండి చేసిన కంపెనీ తన తొలి ప్రోటోటైప్‌ల కోసం, అంటే అమ్మకాలకు ముందు పరీక్షించి చూసుకోడానికి చేత్తో కట్టిన బండ్ల కోసం వెతుకుతోంది. తెచ్చినవాళ్లకు బదులుగా కొత్త బండి ఇస్తుందట. తనది అలాంటిదేనని ఫిర్తూరామ్ నమ్మకం. కాదని తేలితే బండి తుక్కుకి, దాంతోపాటు అతని వ్యాపారమూ మూలకి.

“రేపు కంపెనీ సాబ్ మీ షాపుకే వస్తున్నాడు రావు భయ్యా! జర చమ్‌కా దో” అన్నాడు.

మెరిపించమన్నాడు కదా అని వెనక పెట్టెకున్న రెండు తలుపులూ విప్పాను. లోపలివైపు రేకు మీద ఏవో వంకర గీతలు. గీత కనిపిస్తే డెంటర్ చెయ్యి ఊరుకుంటుందా? ఎడమ తలుపును గ్రైండర్‌తో అద్దంలా చేసేశాను. రెండోదాని మీద గ్రైండర్ పెట్టబోతుంటే మా ఆవిడ సత్యవతి క్యారేజీ పట్టుకుని వచ్చింది. ఆమెది బొబ్బిలి.

“ఏటండీ, అక్షరాన్ని గీకెస్తన్నారేటి? అది మన ‘కు’ కదేటి!”

“కు ఏమిటి?”

“కుడి అని రాసుకున్నారు కాబోలు. మరి ఎడం తలుపు మీద ‘ఎ’ ఏదీ?”

గ్రైండర్ పక్కన పడేశాను. డై ప్రెస్‌లో అచ్చు గుద్దిన తలుపులు ఏ బండికైనా సరిపోతాయి, వాటికి గుర్తులక్కర్లేదు. చేత్తో కొట్టిన రేకు మాత్రం దాని చోట తప్ప ఇంకెక్కడా కూర్చోదు. అందుకే ఫిట్టరు ఉలితో గుర్తు చెక్కుకుంటాడు. ఫిర్తూరామ్‌కున్న సాక్ష్యంలో సగాన్ని నేనే నున్నగా చెరిపేశాను.

మర్నాడు కంపెనీ ఇంజినీరు వచ్చి బండి చుట్టూ తిరిగాడు. “చాసిస్ మీద నంబరు లేదు. తలుపులు రెండూ ఒక కొలతలో లేవు. ఎవరో తుక్కుతో అతికించిన నకిలీ ఇది” అని తేల్చేశాడు. ఫిర్తూరామ్ గమ్ఛాతో ముఖం తుడుచుకుని బండికి ఆనుకుని నిలబడిపోయాడు.

నేను ఉండబట్టలేక, “తొలి బండి ఫొటో ఏమైనా ఉందా సాబ్?” అని అడిగాను.

ఫైల్లోంచి ఒకటి తీశాడు. వెనక తలుపు తెరిచి తీసిన ఫొటో. “పాతది, గీతలు పడ్డాయి” అన్నాడు.

గీతలా! పక్కనే కుడి తలుపు నిలబెట్టాను. ఫొటోలోని తలుపు మీదా అదే ‘కు’. కొమ్మును తలకట్టు దాకా సాగదీసిన అదే చేతిరాత.

“గీతలు కావు సాబ్, తెలుగు. ఇది కుడి తలుపని మేస్త్రీ రాసుకున్నాడు.”

ఇంజినీరు కళ్లజోడు తుడుచుకుని రెండింటినీ మార్చి మార్చి చూశాడు. “ఇన్నేళ్లుగా ఈ ఫొటో నా దగ్గరే ఉంది. ఇది రాత అని ఎప్పుడూ అనుకోలేదు” అని, అక్కడే బానెట్ మీద కాగితం పెట్టి ‘అసలుదే’ అని రాసి సంతకం చేశాడు. ఫిర్తూరామ్ కేకపెట్టి నన్ను అమాంతం ఎత్తేశాడు. ఆ రోజు నా అంతటి మొనగాడు రాయ్‌పూర్‌లో లేడనుకున్నాను. కొత్త బండిలో వచ్చిన మొదటి మరమరాల బస్తా మాత్రం నాకు కాదు, “భౌజీకి”, అంటే వదినకి, అని సత్యవతికి చేరింది. న్యాయమే.

తెలియని గీతను చెరిపేముందు తెలిసినవాళ్లను అడగాలని ఆ బండి నేర్పింది. ఆ వారమే సత్యవతి నా చేతిలో పలక పెట్టింది. అందరూ ‘అ’తో మొదలుపెడతారు. నేను మొదట దిద్దింది ‘ఎ’.