ఆరగింపుకు ముందు మాత్ర

నా చిన్నప్పుడు అహోబిలంలోని మా ఇంట్లో అందరికన్నా ముందు లేచి మడి కట్టుకునేది మా మేనత్తే. ఇంట్లో స్వామికి నైవేద్యం పెట్టే ఆరగింపు వంట ఆమె చేతి మీదే జరగాలి. తాతయ్య ఆరాధన ముగించి తీర్థం ఇచ్చేసరికి మధ్యాహ్నమయ్యేది. అంతవరకు ఆమె మంచినీళ్లు కూడా ముట్టేది కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆమె మనిషే మారిపోయింది. ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది. ఎండాకాలంలోనూ చలి అనేది, పొయ్యి ముందే కునికేది. ‘మొద్దత్తా’ అని మొదట వెక్కిరించింది నేనే. పాపం, ఆమె నవ్వి ఊరుకునేది.

నంద్యాల డాక్టరు చూసి థైరాయిడ్ అన్నాడు. “ఈ మాత్ర పొద్దున్నే పరగడుపున వేసుకోవాల. జీవితాంతం మానగూడదు” అని చెప్పి పంపాడు. ఇంటికొచ్చాక తాతయ్య ఇంకోలా తేల్చాడు. “ఆరగింపు కాకుండా నోట్లో ఏందీ వేసుకునేది? తీర్థమైనాక అన్నంతో పాటు వేసుకో.” అత్త అలాగే చేసింది. అన్నంతో కలిస్తే ఆ మందు ఒంటికి సరిగా పట్టదని మాకెవరికీ తెలియదు.

ఆరు నెలలైనా ఆమె తేరుకోలేదు. “ఈ మందు నీకు పడలే అమ్మీ, మానెయ్” అన్నాడు తాతయ్య, కూతురి మీద జాలితోనే. ఆమె మానేసింది. మళ్లీ డాక్టరును అడగాలని ఎవరికీ తోచలేదు.

ఆ ఏడు ధనుర్మాసంలో ఒకరోజు తెల్లవారినా అత్త లేవలేదు. లేపబోయి చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. ఊపిరి మాత్రం ఆడుతోంది. కారులో నంద్యాల తీసుకుపోయారు. మూడో రోజు పోయింది. మాత్ర ఎలా వేసుకునేదో, ఎందుకు మానేసిందో తాతయ్య చెబితే డాక్టరు తల పట్టుకున్నాడు. “ఒక్కమాట అడిగింటే, రాత్రి పడుకునేటప్పుడు ఖాళీ కడుపున వేసుకోమని చెప్పేవాణ్ణి గదా స్వామీ!”

తర్వాత కొన్నాళ్లకు నాకు జ్వరం వచ్చింది. మడిలో ఉన్నప్పుడు తాతయ్య మమ్మల్ని తాకడు. అలాంటిది, ఆరాధన మధ్యలో గంట కింద పెట్టి వచ్చి, నా తల తన ఒళ్లో పెట్టుకుని మాత్ర మింగించాడు.

“మడి పోయింది తాతయ్యా” అన్నాను భయంగా.

“పోనీలే అమ్మీ” అన్నాడు. మళ్లీ స్నానానికి బావి దగ్గరికి వెళ్లి, చేద పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు నాకూ అదే జబ్బు. రోజూ దీపం పెట్టకముందే మాత్ర వేసుకుంటాను, అనుమానం వస్తే డాక్టరును విసిగించైనా అడుగుతాను. ఇన్నేళ్లయినా, అది గొంతు దిగేటప్పుడు అత్తే గుర్తొస్తుంది. ఇంత చిన్న మాత్రను ఒక్కరోజైనా నీకు సరైన వేళకు ఇవ్వలేకపోయాం గదత్తా.