మావారి ఎడమ పక్కన ఖాళీ

మొన్న మా అమ్మాయి హొక్కైడో వెళ్లి మంచు ఫోటోలు కుప్పలుగా పంపిస్తే, మావారు కళ్లజోడు సవరించుకుని ఒక్కో కొండనూ పేరుపెట్టి చెబుతున్నారు. నేను మాత్రం చూడలేక చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నాను. ఆ పేరు వింటే నాకు ఇప్పటికీ సిగ్గే.

కంప్యూటర్ చదువులవాళ్లను విమానాలెక్కించి మరీ పరాయి దేశాలకు తీసుకెళ్లిన రోజులవి. మా కాపురం అక్కడి వుడ్‌ల్యాండ్స్‌లో, మావారి ఆఫీసు అదే ఊళ్లో పాయా లేబర్‌లో, ఆయన ప్రాజెక్టేమో జపాన్ ఉత్తరాన ఆ హొక్కైడోలో. మూడు నెలలకోసారి వెళ్లి రెండు వారాలుండి వచ్చేవారు. ఏడాది పొడవునా ఒకటే ఉక్క, ఒకటే వాన తెలిసిన నాకు, ఆయన తెచ్చి మనవాళ్ల బజారు లిటిల్ ఇండియాలో కడిగించిన ఫోటోలే ఋతువులు. మే నెలలో చెర్రీ పూలు, జూలైలో గుట్టల నిండా ఊదారంగు లావెండరు తోటలు, అక్టోబరులో నిలువెల్లా ఎర్రబడిన అడవులు చూసి, మన దేశంలో పుట్టినా ఇంత రంగు చూడలేదే అనుకుని మురిసిపోయేదాన్ని.

పక్క ఫ్లాట్ ఆంటీ, చిత్తూరు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడినావిడ, ఓ రోజు వాటిని తిరగేసి, “అంతా బాగుండాదమ్మా, మీ ఆయన అన్నిట్లోనూ ఉండాడే, మరి తీసిందెవరు?” అంది.

అనుమానం పెనుభూతం అని పెద్దలు ఊరికే అనలేదు. మళ్లీ చూస్తే, ఏ ఫోటోలోనూ ఆయన మధ్యలో లేరు. ఓ పక్కకు జరిగి, ఎడమవైపు సరిగ్గా ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నిలబడ్డారు. ఆ చోట నిలబడాల్సినావిడే కెమెరా పట్టుకుందని, ఇద్దరూ ఉన్న ఫోటోలు ఎక్కడో దాచారని తేల్చేసుకున్నాను. పెట్టె అడుగుదాకా వెతికాను. చొక్కాలు వాసన చూస్తే పూల పరిమళం. తోటలో తిరిగానన్నారు, ఎవరు నమ్ముతారు? అన్నం వడ్డించేటప్పుడు తప్ప ఆయనతో మాట్లాడడం మానేశాను.

ఫిబ్రవరిలో నాకూ టికెట్ కొన్నారు. నిజం చెప్పొద్దూ, నేను వెళ్లింది మంచు చూడడానికి కాదు, ఆవిడను చూడడానికి. గడ్డకట్టిన చెరువు ఒడ్డున ఆయన కెమెరాను రాయి మీద పెట్టి, వంగి చూసి, ఏదో నొక్కి, అంత లావు కోటుతో పరుగెత్తారు. జారి పడ్డారు. లేచి, మంచు దులుపుకోకుండానే నిటారుగా నిలబడ్డారు, ఎడమ పక్కన చోటు వదిలి.

“అక్కడే నిలబడ్డావేం? వస్తావనేగా ప్రతిసారీ చోటు ఉంచింది, రా, పది సెకన్లే” అన్నారు.

నేను రాయి పక్కనే ఉండిపోయాను. కెమెరా తన పని కానిచ్చేసింది.

ఆ సాయంత్రమే నా అనుమానమంతా చెప్పేశాను, నవ్వేస్తారనుకుని. నవ్వలేదు. తిరిగొచ్చాక ఆఫీసులో అడిగి ఆ ప్రాజెక్టు వదిలేసుకున్నారు, నీకు మనశ్శాంతి ముఖ్యం కదా అన్నారు. ఆ ఏడు చెర్రీ పూలు మా ఇంటికి రాలేదు.

ఇప్పుడు ఎవరి ఫోటో వాళ్లే తీసుకుంటున్నారు, తీసిందెవరని అడిగేవాళ్లే లేరు. మళ్లీ ఒకసారి వెళ్దామా అని నేనడిగితే, ఇంకెందుకులే, మోకాళ్లు సహకరించవు అంటారు మావారు. ఆ మాటలో వెతికినా కోపం కనబడదు. కాస్త కోపం ఉన్నా బాగుండేది.