ఒకే గిన్నెలోకి పిండిన రెండు ట్యూబులు

గిన్నెలు తోమే సబ్బు పడక వేళ్ళ సందులు చిట్లితే మొన్న ఏలూరులో మందుల షాపుకి వెళ్ళాను. కౌంటర్ దగ్గరున్నాయన ఒక ఆయింట్‌మెంటు చేతిలో పెట్టి, ఇది వాడినవాళ్ళందరికీ తగ్గిందండీ అన్నాడు. అందరూ అంటే ఎంతమందండీ, ఏదీ రాయకుండానే తగ్గినవాళ్ళు ఎంతమందండీ అని అడిగాను. వెనకున్నవాళ్ళు విసుక్కున్నారు గానీ, ఆ ప్రశ్న నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలో అంటుకున్న జబ్బు. దానికి ఆ షాపులో మందు లేదు.

స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ అయ్యాక నేను చేరిన మొదటి పని అలాంటి ఆయింట్‌మెంటు మీదే. కొల్లేటి చెరువుల్లో రోజంతా నీళ్ళలో నిలబడి వలలు లాగేవాళ్ళకి వేళ్ళ సందులు నాని, పుళ్ళు పడి, వానాకాలంలో అన్నం కలుపుకోవడానికి కూడా చేతులు రాకుండా పోయేవి. కొల్లేటికోటలో ఉండే మా పిన్నిదీ, ఆవిడ తోడికోడలిదీ అదే అవస్థ. ఏ పూట ఎవరి చేయి కాస్త బాగుంటే వాళ్ళు కలిపి రెండోవాళ్ళకి ముద్దలు పెట్టేవారు.

ఆ మందు పనిచేస్తుందో లేదో తేల్చే పరీక్ష మాది. కొందరికి మందున్న ట్యూబు, కొందరికి అచ్చం అలాగే ఉండే మందులేని ట్యూబు. ఎవరికి ఏదన్నది చీట్లు తీసి నిర్ణయించేవారు, ఇచ్చే మాకూ తెలియదు, పుచ్చుకునేవాళ్ళకీ తెలియదు. మందు ఉండకపోవచ్చని ముందే చెప్పి, ఒప్పుకున్నవాళ్ళకే ఇచ్చాం. ఎంతమందిని చేర్చాలో లెక్కకట్టడం, నాకు పని నేర్పిన మా మాస్టారి పని, పక్కన కూర్చుని వాదించడం నా పని. ఎంత తేడా కనిపిస్తే ఈ మందు పనికొచ్చిందంటారని ఆయన ముందు ఆ పరీక్ష పెట్టిన డాక్టరు గారిని అడిగారు. పెద్ద తేడా కొద్దిమందిలోనే బయటపడుతుంది, చిన్న తేడా పట్టుకోవాలంటే చాలామంది కావాలి. మరీ తక్కువమందైతే పనిచేసే మందు కూడా దండగమారిదిగా కనిపించవచ్చు. అలాగని అవసరానికి మించి చేరిస్తే, అంతమందిని ఊరికే మందులేని ట్యూబుతో కూర్చోబెట్టినట్టు. మధ్యలో మానేసేవాళ్ళ కోసం ఇంకొందరిని కలపాలి. వరదొస్తే జనం చుట్టాలిళ్ళకి పోతారు, మీరు కలిపింది చాలదండీ అని పోట్లాడి ఆ సంఖ్య పెంచింది నేనే. అన్నీ ఆలోచించామనుకున్నాం.

ఓ మధ్యాహ్నం పిన్ని ఇంటికి వెళ్ళేసరికి ఇద్దరూ వసారాలో కూర్చుని, వాళ్ళ రెండు ట్యూబులూ ఒకే స్టీలు గిన్నెలోకి పిండి, చెంచాతో కలిపి రాసుకుంటున్నారు. నా గొంతు లేచింది.

పిన్ని తలెత్తకుండానే అంది, "ఏంటమ్మాయ్ ఆ కేకలు? ఒకదాంట్లో మందు ఉండకపోవచ్చని నువ్వే కదా చెప్పావు. నా చేతులు బాగై దానివి అలాగే ఉంటే, నేను దాని ఎదురుగా కూర్చుని అన్నం ఎలా తినను?"

"చదువుకున్న పిల్ల, ఆ మాత్రం తెలీదు పాపం," అంది తోడికోడలు.

ఆరా తీస్తే ఆ వీధిలో చాలా ఇళ్ళలో గిన్నెలే.

పోనిద్దూ, చివరికి ఏదో ఒకటి తేలుతుందన్నారు డాక్టరు గారు. ఏమీ తేలదండీ, అందరూ కలిపి రాసుకుంటే మనం వెతికే తేడా కరిగిపోతుంది, మంచి మందునే మనం పారేస్తాం అని నేను వదల్లేదు. మాస్టారు నా వైపు నిలిచి, చీట్లు మనుషులకి కాక ఊళ్ళకి తీద్దామన్నారు: ఊరంతటికీ ఒకే రకం ట్యూబు. కానీ ఒక ఊరివాళ్ళు ఒకే నీళ్ళలో ఒకే పని చేస్తారు కనక, అదే ఊళ్ళో ఇంకా ఎందరిని చేర్చినా కొత్తగా తెలిసేది కొంచెమే, ఊళ్ళే పెంచాలి. అలా లెక్క ఎక్కడికో పెరిగింది, పని మరో వానాకాలానికి పోయింది. ఇంకో ఏడాది ఈ చేతులతోనేనా అంది పిన్ని.

మరుసటి వానలు వెళ్ళాక తేలింది, మందు పనిచేస్తుంది. కొల్లేటికోట చీటీలో వచ్చింది మందులేని ట్యూబని కూడా అప్పుడే తెలిసింది. అసలు ట్యూబు పట్టుకుని వెళ్ళి ఆ మాట ఎలాగో చెప్పాను.

పిన్ని తన చేతులు చూసుకుని, "ఊళ్ళో అందరికీ అదేనా?" అంది.

"అందరికీ అదే పిన్నీ."

"అయితే పర్లేదులే," అని మూత తీసి, ముందు తోడికోడలి వేళ్ళకి రాసింది.

ఆ ఇంట్లో ఇప్పుడు నడిమధ్యన గోడ ఉంది. పిన్ని కోడళ్ళిద్దరికీ రెండు వంటిళ్ళు, ఎవరి ట్యూబు వాళ్ళ అలమరలో. షాపు నుంచి వస్తూ అలవాటుకొద్దీ లెక్క వేశాను. ఇవాళ అదే పరీక్ష పెడితే ట్యూబులు కలిసే భయం లేదు, ఊళ్ళ వారీ చీట్లు అక్కర్లేదు, చాలా తక్కువమందితో సరిపోతుంది. మాస్టారుంటే సంతోషించేవారేమో. నాకు మాత్రం, తప్పు దొరక్కపోయినా, ఆ లెక్కతో పోట్లాడాలనిపించింది.