పొదిగే గదిలో పచ్చ లైటు

ఆ కోళ్ల హేచరీలో ఆమెను అందరూ గడియారమ్మ అంటారు. ఇరవై రెండేళ్లుగా గుడ్లు పొదిగే గది తాళంచెవి ఆమె బొడ్లోనే ఉంటోంది. గంటకోసారి థర్మామీటరు చూసి పుస్తకంలో రాస్తుంది. ఎవరొచ్చినా గుమ్మంలో మందునీళ్ల ట్రేలో కాళ్లు ముంచి, అదే పుస్తకంలో పేరూ టైమూ వేయాల్సిందే. యజమానైనా సరే.

ఒకరోజు యజమాని అల్లుడు పేకముక్కంత కంప్యూటర్ బోర్డు పట్టుకొచ్చాడు. చిన్న మెమరీ కార్డులోకి దాన్ని నడిపే లినక్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి బోర్డులో గుచ్చాడు. వేడి కొలిచే తీగ తగిలించి, వైఫైకి కలిపి, ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి గోడకు బిగించాడు.

"ఇదేం చేస్తుంది బాబూ?"

"గదిలో వేడి ఎంతుందో నిమిషానికోసారి మావయ్య ఫోనుకి పంపుతుంది అక్కా."

"మరి నేనేం చెయ్యాలి?"

అల్లుడు బిగించిన మరనే మళ్లీ బిగించాడు. ఆమెకు అర్థమైపోయింది.

ఆనాటి నుంచి ఆమె ఆ పెట్టెకు వీపు పెట్టి కూర్చోలేదు. దాని మీద పచ్చ లైటు మిణుకుమన్నప్పుడల్లా, వింటోందేమోనని నోట్లో మాట నోట్లోనే ఆపేసేది. తనలో తాను గొణుక్కోవడం కూడా మానేసింది.

నాలుగో రోజు యజమాని అల్లుణ్ణి వెంటబెట్టుకొచ్చి ఫోను ఆమె ముందు పెట్టాడు. తెర మీద వేడి చూపే గీత మూడు చోట్ల తెగి ఉంది.

"ప్లగ్గు పీకుతున్నావా?"

"ముట్టుకుంటే ఒట్టు."

"మరి దయ్యం పీకిందా? తలుపు బార్లా తెరిచి, వేడి పడిపోతే నాకు కనబడకుండా ఆపేస్తున్నావు. సోమవారం నుంచి గుడ్లు కడిగే షెడ్డుకెళ్లు. తాళంచెవి అల్లుడికిచ్చెయ్."

ఆమె చెయ్యి బొడ్డు దాకా వెళ్లి ఆగింది. "ఎప్పుడెప్పుడు తెగిందండీ?"

అల్లుడు ఒక్కో టైమూ చదువుతుంటే ఆమె పుస్తకంలో పేజీలు తిప్పింది. మూడోది వినగానే పుస్తకం అతని ముందుకు జరిపింది. "ఆ టైముల్లో ఎవరొచ్చారో చూడు బాబూ. నాకు చూపు ఆనదు."

కళ్లజోడు ఆమె ముక్కు మీదే ఉంది.

అల్లుడు చూసి గొంతు సవరించుకున్నాడు. మూడు చోట్లా మావయ్య చేతిరాతే.

"అంటే నేనే పీకానంటావా?" అన్నాడు యజమాని.

"నేనేమన్నానండీ? మీరు రాసిందే."

అల్లుడు మావయ్య ఫోను అడిగి తీసుకుని, వైఫై వివరాలు చూసి నాలుక కరుచుకున్నాడు. "తప్పు నాదే మావయ్యా. వైఫైలో ఉన్న ప్రతిదానికీ ఇంటి నంబరు లాంటిదొకటి ఉంటుంది. బోర్డుకి నేనే ఒక నంబరు రాసేశాను, నంబర్లు పంచే రౌటర్‌కి చెప్పలేదు. ఆ నంబరు ఖాళీగా ఉందనుకుని రౌటర్ దాన్నే మీ ఫోనుకిచ్చింది. మీరొస్తే చాలు, ఒకే గుమ్మానికి రెండూ పోట్లాడుకుంటున్నాయి. గీత తెగుతోంది."

కీబోర్డు తగిలించి బోర్డు నంబరు మార్చాడు, దాన్ని ఇంకెవరికీ ఇవ్వొద్దని రౌటర్‌లోనూ రాశాడు. పరీక్షకని యజమాని బయటికెళ్లి మళ్లీ వచ్చాడు. ఫోను వైపే చూస్తూ తిన్నగా లోపలికి అడుగేయబోయాడు.

"కాళ్లు," అంది గడియారమ్మ.

ఆయన ముంచాడు. టైమూ వేశాడు. ఈసారి గీత తెగలేదు.

"షెడ్డు సంగతి వదిలెయ్," అన్నాడు ఎటో చూస్తూ. "పెట్టె మాత్రం ఉంటుంది."

"ఉండనివ్వండి."

వాళ్లు వెళ్లాక ఆమె తాళంచెవి మరోసారి తడిమి చూసుకుంది. పుస్తకంలో కొత్త పేజీకి నిలువునా గీత కొట్టి, ఒక పక్క థర్మామీటరు అంకె, రెండో పక్క పెట్టె అంకె వేసింది. రెండింటికీ పాయింటు రెండు తేడా. పెట్టె అంకె కింద ఎర్ర పెన్నుతో గీసి, కుర్చీ పెట్టెకెదురుగా జరుపుకుని కూర్చుంది.