మోటార్లు చుట్టే మదార్ సాహెబ్

“దీనికి ఎప్పటికీ మాటలు రాకపోతే?”

ఈ భయాన్ని శ్రీదివ్య కన్నతల్లి దగ్గర కూడా బయటపెట్టలేదు. అలాంటిది ఆత్మకూరులో, మోటార్లు చుట్టే అంగడిలో, పేరు తప్ప మరేమీ తెలియని ముసలాయన ముందు నోరు జారింది.

ఇంట్లో నీళ్ళ మోటారు కాలిపోతే ఆటోలో వేసుకుని వచ్చిందామె. వెంట కూతురు అశ్విత. పాపకు మూడేళ్ళు దాటినా ఒక్క మాట రాలేదు. చెవులు బాగానే వినిపిస్తున్నాయని నెల్లూరులో పరీక్ష చేసి చెప్పారు. వారానికి రెండుసార్లు అక్కడికే థెరపీకి తీసుకుపోతోంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన మనిషి, అంతటితో ఊరుకోలేకపోయింది. రోజుకు నలభై వస్తువులు చూపించి పేరు అడగడం, పాప పెదవి కదిలిందా లేదా ఫోన్‌లో ఎక్కించి గ్రాఫు గీయడం మొదలుపెట్టింది. ఐదు నెలలుగా ఆ గ్రాఫు సున్నా మీద నుంచి లేవలేదు.

అంగడిలోనూ అదే పని.

“అశ్వీ, ఇదేంది? వైరు. చెప్పు, వైరు. అదేంది? ఫ్యాను.”

పాప మొహం తిప్పేసుకుంది. శ్రీదివ్య ఫోన్‌లో సున్నా ఎక్కించింది.

మదార్ సాహెబ్ కాలిన మోటారులోంచి పాత రాగి తీగ లాగుతూ, కొత్త తీగ ఎన్ని చుట్లు చుట్టాలో తెలియడానికి పాత చుట్లు లెక్కపెడుతున్నాడు. ఆయనది ఉదయగిరి. మిల్లులో మోటారు ఎందుకు తిరుగుతుందో చూద్దామని చిన్నప్పుడు విప్పి, మళ్ళీ బిగించలేక తన్నులు తిన్నాడట. ఆ ఆరాటమే పని నేర్పింది. డెబ్బై దగ్గరపడ్డా కొత్తరకం మోటారు వస్తే వీడియోలు వెతికి, దాని గుట్టు తెలిసిందాకా వదలడు. కలువాయి నుంచి వింజమూరు దాకా, ఆయన చుట్టిన మోటారు మళ్ళీ కాలదని పేరు.

పాప మెల్లగా వెళ్ళి ఆయన పక్కన గొంతుక్కూర్చుంది. తీగ కదిలినప్పుడల్లా కళ్ళు కదిలిస్తోంది. లెక్క ముగిశాక ఆయన సుద్దముక్కతో నేలమీద అంకె వేసి నవ్వాడు.

“అంగట్లో నాకు ఇట్టాంటి మనిషే కావాలమ్మా. వచ్చినోళ్ళంతా వాగి నా లెక్క చెడగొడతా ఉండారు.”

శ్రీదివ్యకు నవ్వు రాలేదు. “దీనికి ఎప్పటికీ మాటలు రాకపోతే?” అన్నది అప్పుడే.

ఆయన ధైర్యం చెప్పలేదు. “ఏమో తల్లీ, రాకపోవచ్చు కూడా. నాకేం తెలుసు?” అన్నాడు. తీగను పక్కన పెట్టి, “నువ్వు పరీక్ష పెడతా ఉండావే, నేనూ పెట్టినాను” అన్నాడు.

“ఎవరికి?”

“మా బషీరున్నీసాకి. ఆరేళ్ళ కింద పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఇన్ని మోటార్లు బాగుచేసినోణ్ణి, పెళ్ళాన్ని బాగుచేసుకోలేనా అనుకున్నా. మాట్లాడించమని డాక్టరు చెప్పినాడు. నేను గంటగంటకీ పోయి ‘నా పేరేంది, చెప్పు’ అని నిలదీసేవాణ్ణి. కడాకు నేను కనపడితే చాలు, గోడవైపు తిరిగి కళ్ళు మూసుకునేది.”

“తర్వాత?”

“ఒకరోజు పొద్దంతా కరెంటు లేదు. పనీ లేదు, అడిగే ఓపికా లేదు. ఊరికే పోయి మంచం పక్కన కూచున్నా. వీధిలో మేకలు పోతా ఉంటే ఆమె చూస్తా ఉండాది. నేనూ చూసినాను. కొంచేపటికి నా మోకాలి మీద చెయ్యేసింది.”

“మాట వచ్చిందా?” ఆశగా అడిగింది శ్రీదివ్య.

“రాలా. ఇప్పటికీ రాలా. నన్ను చూసి మొహం తిప్పుకోవడం మానేసింది. అంతే.”

“రోజూ కూర్చున్నారా? ఎంతసేపు? ఎన్నాళ్ళకు...”

“దీన్ని కూడా ఫోన్‌లో ఎక్కిస్తావా ఏందమ్మా?”

శ్రీదివ్య తల దించుకుంది. అడగడం మానేస్తే తల్లిగా తను చేయగలిగింది ఇంకేముందో ఆమెకు తోచలేదు. అలవాటైన ఆ పనినే పట్టుకుని వేలాడుతోందని తెలుసు. మరొకటి తెలియదు.

మోటారు రెండు రోజుల్లో ఇస్తానని చెప్పి, ఆమె ఆటో ఎక్కబోతుంటే ఆయన గడప దాకా వచ్చాడు.

“నెల్లూరు పోయేది మాత్రం మానబాక తల్లీ. డాక్టరు చెప్పిందంతా చెయ్యి. రోజుకొక గంట మాత్రం బిడ్డనేమీ అడగబాక. అది ఏం చూస్తా ఉంటే నువ్వూ అదే చూడు.”

అశ్వితకు ఇంకా మాట రాలేదు. శ్రీదివ్య భయమూ పోలేదు. రోజూ సాయంత్రం అయిదింటికి ఫోను బీరువాలో పెట్టి పాప పక్కన కూర్చుంటుంది. నిన్న పాప గంటసేపూ గోడ మీద పాకే చీమలనే చూసింది. శ్రీదివ్య కూడా ఆ చీమలనే చూసింది.