గిన్నె అడుగు కనపడనివ్వని మనిషి

"వంట ఆంటీ చనిపోయినందున ఈ రోజు టిఫిన్ లేదు. బయట తినగలరు. మధ్యాహ్నం భోజనం యథావిధిగా ఉంటుంది."

ఎల్బీ నగర్‌లో నేనుండే లేడీస్ హాస్టల్ వాట్సాప్ గ్రూపులో మొన్న పొద్దున్నే వార్డెన్ పెట్టిన మెసేజ్ ఇది. నేను చదువుతుండగానే దాని కింద బొటనవేళ్ళు లేచాయి. ఒకమ్మాయి "లంచ్‌లో ఏంటి మేడమ్?" అని అడిగింది. "టమాటా పప్పు" అని జవాబు వచ్చింది. ఆ జవాబు కింద కూడా బొటనవేళ్ళు లేచాయి.

ఆ అమ్మాయిలకు ఆమె వంట ఆంటీ. నాకు దిల్‌సుఖ్‌నగర్ కర్రీ పాయింట్ ఆంటీ. సొంత కొట్టున్న మనిషి ఇంకొకరి వంటింట్లోకి ఎలా వచ్చిందో ఈ హాస్టల్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమె బతికుంటే నన్ను రాయనిచ్చేది కాదు. "నా గోల నీకెందుకే? ముందు ఆ ఉద్యోగమైనా నాలుగు నెలలు చెయ్యి" అనేది.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో, పై పోర్షన్లో మేం కిరాయికి ఉండేవాళ్ళం. కింద మడిగెలో ఆమె కర్రీ పాయింట్. రాజమండ్రి వైపు నుంచి ఎప్పుడో వచ్చేసింది. భర్త గురించి ఎవరైనా అడిగితే, "ఉన్నాడో లేడో నాకే తెలీదు, నీకేం పని?" అని నోరు మూయించేది. రూముల్లో రైస్ కుక్కర్లు పెట్టుకుని అన్నం మాత్రం వండుకునే కుర్రాళ్ళు, ఉద్యోగాల నుంచి అలిసిపోయి వచ్చే ఆడవాళ్ళు, సాయంత్రమయ్యేసరికి ఆమె ముందు గుంపు కట్టేవాళ్ళు. వేడి సాంబారును పలచటి కవర్లో పోసి, కాస్త గాలి నింపి, మూతి మెలిపెట్టి దారం చుట్టడం ఆమె చేతిలో రెప్పపాటు పని. చెయ్యి కంటే నోరు ఇంకా చురుకు.

"ఆంటీ, సగం కవర్ సాంబార్ ఇయ్యవా?"

"ఇస్తా నాయనా. ముక్కలు మీ ఇంటి నుంచి తెచ్చుకుంటావా?"

నేను పోటీ పరీక్ష తప్పానని తెలిసిన రోజు కూడా నన్ను వదల్లేదు. "ప్రశ్నలు రాసినోడికి తెలివెక్కువ, నీకు పొగరెక్కువ. మధ్యలో ఆ పరీక్ష ఏం చేస్తుంది పాపం? తిను," అంటూ గుత్తి వంకాయ కూర నా చేతిలో పెట్టింది. ఓదార్పు ఆమెకు చేతకాదు. ఎవరైనా జాలిగా మాట్లాడితే, "అటు తిరిగి మాట్లాడు, పాలు విరిగిపోతాయి" అనేది.

కర్రీ పాయింట్ నడిపేవాళ్ళకు ఒక పట్టింపు ఉంటుంది. గిన్నె అడుగు కనపడకూడదు. అడుగంటిన గిన్నెలోంచి ఎవరూ కొనరు, మిగిలిపోయిన కూర అనుకుంటారు. అందుకని కూర సగానికి దిగగానే ఆమె లోపల ఒక చిన్న గిన్నె బోర్లించి, దాని మీద కూర సర్దేది. పైన కొంచెం కొత్తిమీర చల్లేది. చూసేవాళ్ళకు గిన్నె పొంగి పొర్లుతున్నట్టుండేది. మోసం కదా అని నేనంటే, "కొలత తక్కువిస్తే మోసం. నిండుగా కనపడితే మర్యాద" అంది. ఆ మర్యాదే ఆమెను ముంచింది.

లాక్‌డౌన్ వచ్చింది. కోచింగ్ సెంటర్లు మూతపడ్డాయి, హాస్టళ్ళు పిల్లల్ని సంచులతో సహా రోడ్డు మీద పెట్టాయి. ఎప్పుడూ భుజాలు రాసుకుని నడిచే మా సందులో కుక్కలు నడిరోడ్డు మీద నిద్రపోయాయి. కొట్టు తెరవచ్చన్న తర్వాత కూడా కొనేవాళ్ళు రాలేదు. ఆమె మాత్రం రోజూ తెరిచేది. పప్పు, ఒక కూర, చారు. ఎవరూ రాని ఆ కొట్టులో కూడా గిన్నెల్లో గిన్నెలు బోర్లించి నిండుగా పెట్టుకుని కూర్చునేది.

ఆ రోజుల్లోనే మా ఇంట్లో అందరికీ జ్వరం వచ్చింది. సందులో వాళ్ళు మా మెట్ల దగ్గరకు రావడం మానేశారు. ఆమె కింద నుంచి "ఏవే, బతికున్నావా?" అని అరిచేది. నేను బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట దించితే, అందులో మిరియాల చారు పెట్టి, "ఉన్నావు కాబట్టి తాగు. లేకపోతే మీ అమ్మకివ్వు" అనేది. మా చుట్టాలంతా ఫోన్లో కన్నీళ్ళు పెట్టుకున్నారు. వేడి చారు పంపింది ఆమె ఒక్కతే.

కొన్నాళ్ళకు అమ్మ ఒక కబురు తెచ్చింది. కరోనాలో దెబ్బతిన్న చిన్న దుకాణాలకు వార్డు ఆఫీసు నుంచి సాయం ఇస్తారట, తిరిగి కట్టక్కర్లేదట.

"పెట్టు వదినా, పోయేదేముంది? మడిగె కిరాయిలన్న తీరుతయి," అంది అమ్మ.

ఆమె ముందు ఒప్పుకోలేదు. అడుక్కోవడం తన వల్ల కాదంది. కానీ అప్పటికే ఇంటాయన మడిగె ఖాళీ చెయ్యమని కబురు పెడుతున్నాడు. ఆ సాయం వస్తే కొట్టు ఉంటుంది, రాకపోతే పోతుంది. చివరకు నా ఫోన్లోనే దరఖాస్తు పెట్టించింది. ఫలానా రోజు వార్డు ఆఫీసు సారు వచ్చి దుకాణం చూసుకుంటాడని తిరుగు మెసేజ్ వచ్చింది.

సారు వస్తున్నాడనగానే ఆమె తీరే మారిపోయింది. గోడలకు సున్నం వేయించింది. గిన్నెలన్నీ చింతపండుతో తోమింది. షట్టర్‌కు మామిడాకులు కట్టింది. పొద్దున్నే తలంటుకుని పట్టుచీర కట్టి, పులిహోర, బొబ్బట్లు, గుత్తి వంకాయ చేసింది. అంతటితో ఆగలేదు. సందులో వాళ్ళందర్నీ పిలిచి, సారు వచ్చే వేళకు కొట్టు ముందు వరసగా నిలబడమంది.

"గింత ఎందుకాంటీ?" అన్నాను.

"ఎందుకేంటే? అంత పెద్ద ఆఫీసరు గడప తొక్కుతుంటే ఖాళీ కొట్టు చూపిస్తానా? పరువు పోదూ?"

ఆ సందులో అంత చదువుకున్న నాకు కూడా అందులో తేడా తోచలేదు. మంచి మార్కులు వేయించుకోవాలంటే బాగా కనపడాలనే కదా నాకూ నేర్పింది. మాస్కు పెట్టుకుని నేను కూడా వరసలో నిలబడ్డాను.

సారు వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు. ఆకు వేసి ఆమె వడ్డించింది. ఆయన బొబ్బట్టు తుంచుతూ అడిగాడు.

"గిరాకి ఎట్లుందమ్మా?"

"మీ దయవల్ల బానే ఉందండీ."

"కరోనాల గూడనా?"

"ఏ లోటూ లేదండీ. ఇంకో బొబ్బట్టు వేయించుకోండి."

అమ్మ ఉండబట్టలేకపోయింది. "ఏం గిరాకి సారూ, ఉత్తగంటున్నది. దినమంత ఈగలు గొట్టుకుంట కూసుంటది," అంది.

ఆంటీ అమ్మ మీద ఇంతెత్తున లేచింది. "మీరుండండి వదినగారూ! ఆయన తింటుంటే ఎదురుగా నిలబడి ఏడుపులేంటి?"

సారు నవ్వాడు. నిండు గిన్నెలను, వరసలో ఉన్న మమ్మల్ని, ఆమె పట్టుచీరను చూశాడు. ఏదో రాసుకున్నాడు. ఇంటికి పులిహోర కట్టించుకుని వెళ్ళాడు. ఆ సాయంత్రం ఆమె ముఖం చూసి తీరాలి. "కడుపునిండా తిన్నాడే. తిన్నవాడు అన్యాయం చెయ్యడు," అంది.

సాయం వచ్చినవాళ్ళ పేర్లు ఆఫీసు గోడ మీద అంటించారు. ఆమె పేరు లేదు. పక్క జెరాక్స్ షాపాయన పేరుంది. ఆయనకు ఆ సందులో సొంత బిల్డింగు, పైన అంతస్తుల మీద కిరాయిలు. సారు వచ్చిన రోజు ఆయన షట్టర్ సగం దించి, మిషన్ మీద దుమ్ము తుడవకుండా, చిరిగిన బనీనుతో కూర్చున్నాడు.

"సర్కారోళ్ళొస్తే ఎవలన్న గట్ల పెండ్లిపందిరి ఏస్తరా ఆంటీ? జర ఏడ్పుమొకం పెట్టాలె," అన్నాడు పళ్ళికిలిస్తూ.

"నీకా కష్టం లేదుగా నాయనా, పుట్టుకతోనే వచ్చింది," అంది ఆమె. సందంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. సాయం ఆయనకు దక్కింది కాబట్టి ఆయన నవ్వే చివరిదాకా ఉంది.

ఆమెతో కలిసి నేను వార్డు ఆఫీసుకు వెళ్ళాను. సారు గుర్తుపట్టి కూర్చోమన్నాడు.

"నేను రాసింది నువ్వన్న మాటనే గదమ్మా. బానే నడుస్తున్నదంటివి. ఈ పైసలు మునిగేటోళ్ళకు. నువ్వు తేలుతున్నవ్."

"మర్యాదకన్నానండీ," అంది ఆమె. అంత చిన్న గొంతుతో ఆమె మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు.

"మర్యాదకు ఫారంల జాగ లేదమ్మా."

మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చా అని నేనడిగాను. గడువు అయిపోయిందన్నాడు. మేం లేవబోతుంటే ఆయన వెనక్కి పిలిచాడు. "అమ్మా, నీ పులిహోర మా ఇంట్ల అందరికీ నచ్చింది. వచ్చే వారం చెక్కులు పంచే మీటింగుంది. టిఫిన్లు నువ్వే చెయ్యి. నాలుగు పైసలన్న దొరుకుతయి."

బయటికొచ్చాక ఒప్పుకోవద్దని గొడవపెట్టుకున్నాను. ఆమె మెట్రో స్తంభం నీడలో నిలబడి కొంగుతో మెడ తుడుచుకుంది. "వండమన్నవాడికి వండనని ఎప్పుడైనా అన్నానా?" అని మాత్రం అంది.

కొత్తపేటలో ఒక ఫంక్షన్ హాల్లో మీటింగు. ఇడ్లీ, పెసరట్టు, అల్లం పచ్చడి. నేను పక్కనుండి ప్లేట్లు అందించాను. సాయం అందుకున్న వాళ్ళు ఒక్కొక్కరే స్టేజీ ఎక్కి, శాలువా కప్పించుకుని, ఫొటోలు దిగి, కిందికొచ్చి ఆమె చేతి పెసరట్టు తిన్నారు. జెరాక్స్ షాపాయన రెండోసారి వచ్చాడు. స్టేజీ మీది పెద్దమనిషికి పచ్చడి బాగా నచ్చినట్టుంది, ఎవరు చేశారని అడిగాడు. సారు ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఆ పెద్దమనిషి మైకు అందుకున్నాడు.

"గా అమ్మను చూడుండ్రి. మన సాయం లేకుండనే నిలబడ్డది. గిసుంటోళ్ళను చూసి నేర్చుకోవాలె!"

హాలంతా చప్పట్లు కొట్టింది. ఎవరో ఆమెను ముందుకు తోశారు. చేతిలో అట్లకాడ ఉండగానే ఆమె అందరికీ దణ్ణం పెట్టింది. అట్లకాడ కొస నుంచి పిండి బొట్లు ఆ పట్టుచీర మీదే పడ్డాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆమె చీర మీది పిండి మరకలు గోటితో గీకుతూ కూర్చుంది. మా సందు మొదట్లో దిగాక అంది: "పచ్చడిలో ఉప్పు గుమ్మరించేద్దామనుకున్నానే. చెయ్యి రాలేదు."

ఆ వానాకాలం వెళ్ళకముందే మడిగె ఖాళీ చేయించారు. ఇప్పుడక్కడ ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఆమె ఎల్బీ నగర్‌లో ఈ హాస్టల్‌కు వంటమనిషిగా వచ్చింది. నాన్న రిటైరై అమ్మానాన్నలు నల్గొండ వైపు వెళ్ళిపోయాక, ఆమె ఉందనే నేనీ హాస్టల్లో చేరాను. ఇక్కడ పప్పులో నీళ్ళెన్ని పోయాలో వార్డెన్ చెబుతుంది. కూరగాయలు వార్డెన్ తెస్తుంది. చారు పలచగా ఉందని అమ్మాయిలు ఆమెనే తిట్టేవాళ్ళు. నన్ను తిట్టినట్టు ఆమె వాళ్ళను ఎప్పుడూ తిట్టలేదు. అది చూసే నాకు భయమేసింది.

"మళ్ళ కొట్టు పెట్టొచ్చు గదాంటీ," అని అప్పుడప్పుడు కదిపేదాన్ని.

"నోర్మూసుకుని తిను," అనేది. అంతకు మించి ఆ కొట్టు మాటే ఎత్తలేదు.

షుగరు ముదిరింది. నిలబడి నిలబడి అరికాల్లో పుండు పడింది. గుడ్డ కట్టుకుని వండుతూ పోయింది. దవాఖానకు తీసుకెళ్ళేసరికి కాలు తీసేయాలన్నారు. "కాలు లేకుండా పొయ్యి దగ్గర ఎలా నిలబడతానండీ?" అని డాక్టర్నే అడిగిందట. ఆపరేషన్ దాకా ఉండలేదు.

తమ్ముడొకాయన రాజమండ్రి నుంచి వచ్చి అంత్యక్రియలు ముగించాడు. ఆ తర్వాత ఆమె సామాను తీసుకెళ్ళమని వార్డెన్ ఆయన్ను మెట్ల కిందికి తీసుకెళ్ళింది. ఒక ట్రంకు పెట్టె, దాని వెనక పాత దుప్పట్లో చుట్టిన పెద్ద వస్తువేదో ఉంది. దుప్పటి తీస్తే కర్రీ పాయింట్ పొయ్యి. మూడు బర్నర్ల ఇనప పొయ్యి. అన్నీ అమ్మేసిందనుకున్నాను. అది అమ్మలేదు. ఎక్కడా తుప్పు లేదు. గొట్టానికి కొత్త రబ్బరు వేసి ఉంది.

"ఇది బస్సులో ఎక్కించుకోరండీ," అన్నాడు తమ్ముడు ఇబ్బందిగా. వార్డెన్ పాత సామానాయన్ను పిలిపించింది. నేనుంచుకుంటానన్నాను. "రూంలో ఎక్కడ పెడతవ్? గ్యాస్ సామాన్లు రూల్స్‌ల లేవు," అంది వార్డెన్. నా మంచం కింద సూట్‌కేసు పట్టేంత చోటే ఉంది. వార్డెన్ చెప్పింది నిజమే.

పాత సామానాయన వంగి నాబ్‌లు ఒక్కొక్కటి తిప్పి చూశాడు. మెత్తగా, చప్పుడు లేకుండా తిరిగాయి. "ఎవరో నూనె ఏస్తున్నరు దీనికి," అన్నాడు. ఇనుము ధరకే తీసుకుంటానన్నాడు.

బండి మీద విరిగిన కూలర్లు, సైకిల్ చట్రాల మధ్య దాన్ని ఎక్కించి తాడు బిగించాడు. సాగర్ రింగ్ రోడ్ వైపు తొక్కుకుంటూ వెళ్ళాడు. చినుకులు మొదలయ్యాయి. సిగ్నల్ దగ్గర బండి ఆగింది. ఆకాశం కేసి తెరుచుకున్న మూడు బర్నర్లలోకి వాన నీళ్ళు దిగుతున్నాయి. వెనక కారువాడు హారన్ మోగిస్తూనే ఉన్నాడు.